సబ్‌నెట్ మాస్కులు సరిపోలని నెట్‌వర్కుల మధ్య మార్గ పునఃపంపిణీ: లోప నిర్ధారణ, పరిష్కార పద్ధతులు

వ్యాస సంగ్రహం

రెండు వేర్వేరు రౌటింగ్ ప్రోటోకాల్‌లు నడుస్తున్న నెట్‌వర్కులను కలిపినప్పుడు ఒకదాని మార్గాలను మరొకదానికి అందించే ప్రక్రియ మార్గ పునఃపంపిణీ. రౌట్ రీడిస్ట్రిబ్యూషన్ అన్న పేరుతో ఇది వాడుకలో ఉంది. రెండు వైపులా సబ్‌నెట్ మాస్కులు సరిపోలకపోతే కొన్ని మార్గాలు ఎదుటి వైపుకు చేరతాయి, కొన్ని చేరవు. రౌటరు ఏ దోష సందేశమూ చూపదు. ఓఎస్‌పీఎఫ్ నుంచి రిప్ మొదటి సంచికకు జరిగే పునఃపంపిణీని నమూనాగా తీసుకుని ఈ స్థితికి మూలకారణం, నిర్ధారణ క్రమం, పరిష్కారాలు, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సబ్‌నెట్ మాస్క్, మార్గ పునఃపంపిణీ, రిప్, ఓఎస్‌పీఎఫ్, వర్గాధారిత రౌటింగ్, నల్ మార్గం.

1. ఉపోద్ఘాతం

కేబుళ్లు సక్రమంగా ఉంటాయి. ఇంటర్‌ఫేసులన్నీ పనిచేస్తుంటాయి. రౌటర్లు తమ పొరుగు రౌటర్లతో సమాచారాన్ని క్రమం తప్పకుండా ఇచ్చిపుచ్చుకుంటుంటాయి. అయినా ఒక విభాగంలోని కంప్యూటర్లకు ఎదుటి విభాగంలోని కొన్ని సర్వర్లు అందుతాయి, పక్కనే ఉన్న మరికొన్ని అందవు. ఇటువంటి పాక్షిక వైఫల్యం సంపూర్ణ వైఫల్యం కంటే క్లిష్టమైనది. అంతా ఆగిపోతే కారణాన్ని భౌతిక అనుసంధానంలోనో ఆకృతీకరణలోనో వెతకవచ్చు. సగం పనిచేస్తున్నప్పుడు మాత్రం అనుమానం సర్వర్ల మీదికీ, ఫైర్‌వాల్ మీదికీ, చివరకు వినియోగదారుల మీదికీ మళ్లుతుంది.

రెండు ప్రోటోకాల్‌లలో ఒకటి మాస్కును మోసుకుపోగలిగి, మరొకటి మోయలేనప్పుడు ఈ స్థితి తలెత్తుతుంది. ఇక్కడ రౌటరు తప్పు చేయడం లేదు. తప్పుడు సమాచారం పంపడం కంటే మౌనంగా ఉండటం మేలన్న నియమాన్ని పాటిస్తోంది. ఈ మౌనానికి కారణం తెలిస్తే లోపాన్ని వెతకవలసిన చోటు, దిద్దవలసిన తీరు రెండూ స్పష్టమవుతాయి.

2. మాస్కు లేని ప్రకటన: చారిత్రక నేపథ్యం

1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 ప్రకారం ఐపీ చిరునామా 32 బిట్ల సంఖ్య. అందులో నెట్‌వర్కు భాగం ఏ వర్గానికి 8 బిట్లు, బీ వర్గానికి 16, సీ వర్గానికి 24. చిరునామాలోని తొలి బిట్లను చూస్తే వర్గం తెలుస్తుంది; వర్గం తెలిస్తే నెట్‌వర్కు భాగం తెలుస్తుంది. అందువల్ల చిరునామాతో పాటు మరే సమాచారమూ పంపవలసిన అవసరం ఆనాడు లేదు.

1985 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 950 సబ్‌నెట్ విధానాన్ని ప్రామాణికం చేసింది. ఒక సంస్థ తనకు లభించిన నెట్‌వర్కును లోపల చిన్న భాగాలుగా విభజించుకోవచ్చు. ఎన్ని బిట్ల వరకు నెట్‌వర్కుగా లెక్కించాలో మాస్కు చెబుతుంది. అప్పటి నుంచి చిరునామాను మాత్రమే చూసి నెట్‌వర్కు పరిధిని నిర్ణయించడం సాధ్యం కాలేదు.

1988 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1058 రిప్ మొదటి సంచికను నమోదు చేసింది. అది అప్పటికే వాడుకలో ఉన్న ప్రోటోకాల్‌కు వివరణ పత్రం కనుక పాత ప్యాకెట్ రూపమే అందులో కొనసాగింది. ఒక్కొక్క మార్గానికి 20 ఆక్టెట్లు కేటాయించారు. అందులో చిరునామా రకానికి 2, చిరునామాకు 4, దూరాన్ని తెలిపే మెట్రిక్‌కు 4 పోగా మిగిలిన 10 ఆక్టెట్లు సున్నాలుగా ఉండాలి. మాస్కుకు చోటు లేదు. 1993 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1388గా మొదలై, 1998 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 2453గా స్థిరపడిన రెండవ సంచిక ఆ సున్నాల స్థానంలోనే మాస్కును చేర్చింది. ఓఎస్‌పీఎఫ్ తన ప్రకటనలలో మాస్కును స్పష్టంగా తెలుపుతుంది.

ఈ కారణంగా రిప్ మొదటి సంచిక, సిస్కో రూపొందించిన ఐజీఆర్‌పీ వర్గాధారిత ప్రోటోకాల్‌లుగా, రిప్ రెండవ సంచిక, ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ వర్గరహిత ప్రోటోకాల్‌లుగా గుర్తింపు పొందాయి.

3. వర్గాధారిత ప్రోటోకాల్ పాటించే నియమాలు

మాస్కు రాని చోట దానిని ఊహించాలి. ఆ ఊహకు సిస్కో రౌటర్లలో నిర్దిష్టమైన నియమాలున్నాయి.

పంపే వైపు: ఒక మార్గాన్ని ఒక ఇంటర్‌ఫేస్ ద్వారా ప్రకటించే ముందు, ఆ మార్గం, ఆ ఇంటర్‌ఫేస్ చిరునామా ఒకే ప్రధాన నెట్‌వర్కుకు చెందినవా అని రౌటరు చూస్తుంది. కాకపోతే మార్గాన్ని దాని వర్గపు సహజ సరిహద్దు వరకు కుదించి ప్రకటిస్తుంది. ఒకే ప్రధాన నెట్‌వర్కుకు చెందినవైతే రెండింటి మాస్కులను పోలుస్తుంది. అవి సమానమైతేనే ప్రకటిస్తుంది, లేకుంటే ఆ మార్గాన్ని వదిలివేస్తుంది. ఒకే యంత్రాన్ని సూచించే /32 మార్గాల విషయంలో రిప్‌కు మినహాయింపు ఉంది.

అందుకునే వైపు: వచ్చిన చిరునామా తన ఇంటర్‌ఫేస్ ఉన్న ప్రధాన నెట్‌వర్కుదే అయితే, ఆ ఇంటర్‌ఫేస్ మాస్కునే ఆ మార్గానికీ వర్తింపజేస్తుంది. అలా వర్తింపజేసినప్పుడు హోస్ట్ భాగంలో సున్నా కాని బిట్లు మిగిలితే రిప్ దానిని /32 మార్గంగా తీసుకుంటుంది. వేరే ప్రధాన నెట్‌వర్కుదైతే వర్గపు సహజ మాస్కును వర్తింపజేస్తుంది.

పంపే వైపు నియమం అందుకునే వైపు ఊహను కాపాడటానికే ఉన్నది. తాను పంపే మార్గానికి ఎదుటి రౌటరు ఏ మాస్కు తగిలిస్తుందో పంపే రౌటరుకు తెలుసు. ఆ మాస్కు సరైనది కానప్పుడు అది మార్గాన్ని పంపదు.

4. నమూనా నెట్‌వర్కు

క, ఖ, గ అనే మూడు రౌటర్లు వరుసగా అనుసంధానమై ఉన్నాయనుకుందాం. క రౌటరులో ఓఎస్‌పీఎఫ్, గ రౌటరులో రిప్ మొదటి సంచిక నడుస్తున్నాయి. మధ్యలో ఉన్న ఖ సరిహద్దు రౌటరు. అందులో రెండూ నడుస్తున్నాయి, ఓఎస్‌పీఎఫ్ మార్గాలను రిప్‌లోకి పునఃపంపిణీ చేసే ఆదేశమూ ఉంది. చిరునామాలు ప్రధానంగా 172.16.0.0 అనే బీ వర్గపు నెట్‌వర్కు నుంచి తీసుకున్నవి.

ఖ, గ రౌటర్ల మధ్య అనుసంధానం 172.16.1.0/24. గ వెనుక ఉన్న నెట్‌వర్కు 172.16.2.0/24. క, ఖ రౌటర్ల మధ్య అనుసంధానం 172.16.9.0/30, అందులో క చిరునామా 172.16.9.1, ఖ చిరునామా 172.16.9.2. క వెనుక ఐదు నెట్‌వర్కులున్నాయి: 172.16.4.0/24, 172.16.5.0/26, 172.16.5.64/26, 172.16.6.0/23, 192.168.10.0/26.

ఖ పట్టికలో ఇవన్నీ ఉంటాయి. గ పట్టికలో మాత్రం ఎదుటి వైపు నుంచి వచ్చినవి రెండే కనిపిస్తాయి. మొదటిది 172.16.4.0, దాని మాస్కు, ఖ బయటి ఇంటర్‌ఫేస్ మాస్కు రెండూ /24 కనుక అది చేరింది. రెండవది 192.168.10.0, అది వేరే ప్రధాన నెట్‌వర్కు కనుక సీ వర్గపు సరిహద్దైన /24 వరకు విస్తరించి చేరింది. రెండు /26 నెట్‌వర్కులు, /23 నెట్‌వర్కు, /30 అనుసంధానం చేరలేదు.

ఈ నాలుగింటినీ ఖ మాస్కు లేకుండా పంపి ఉంటే ఏమయ్యేది? 172.16.5.0ను గ /24గా భావించి, అసలే లేని 172.16.5.128 మొదలైన చిరునామాలకు కూడా ప్యాకెట్లు పంపేది. 172.16.5.64లో /24 ప్రకారం హోస్ట్ బిట్లు ఉన్నాయి కనుక దానిని ఒకే యంత్రంగా నమోదు చేసుకునేది. 172.16.6.0/23లో సగాన్నే గుర్తించి 172.16.7.0 భాగాన్ని పూర్తిగా వదిలివేసేది. మార్గం లేకపోవడం పైకి కనిపించే లోపం. తప్పుడు మార్గం ఉండటం చాలాకాలం కనిపించని లోపం. ఖ మౌనం రెండవదాని నుంచి రక్షిస్తోంది.

5. నిర్ధారణ క్రమం

లోపం గ దగ్గర బయటపడుతుంది కనుక పరిశీలన అక్కడే మొదలుపెట్టడం సహజం. కానీ నిర్ణయం జరుగుతున్నది ఖ బయటి ఇంటర్‌ఫేస్ దగ్గర. అందువల్ల కింది క్రమం ఉపయోగకరం.

మొదటి అడుగు: ఖ రౌటింగ్ పట్టికను 'షో ఐపీ రౌట్' ఆదేశంతో చూడాలి. పునఃపంపిణీ రౌటింగ్ పట్టికలో ఉన్న మార్గాలనే తీసుకుంటుంది. ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్‌లో ఉండి పట్టికలోకి ఎక్కని మార్గం పునఃపంపిణీ కాదు. మార్గం పట్టికలోనే లేకపోతే సమస్య ఓఎస్‌పీఎఫ్‌ది, పునఃపంపిణీది కాదు.

రెండవ అడుగు: గ పట్టికలో రాని మార్గాలతో పాటు వచ్చిన మార్గాలనూ పరిశీలించాలి. ఏ ఒక్క ఓఎస్‌పీఎఫ్ మార్గమూ రాకపోతే మాస్కును అనుమానించే ముందు ప్రారంభ మెట్రిక్‌ను చూడాలి. ఓఎస్‌పీఎఫ్ కాస్ట్, రిప్ హాప్ సంఖ్య వేర్వేరు కొలమానాలు. పునఃపంపిణీలో మెట్రిక్ ఇవ్వకపోతే సిస్కో రౌటరు ఓఎస్‌పీఎఫ్ మార్గాలకు రిప్‌లో అనంతమైన దూరాన్ని ఆపాదిస్తుంది. రిప్‌లో 16 అంటే అనంతం, 15 గరిష్ఠ దూరం. మాస్కులు సరిపోలినవి వచ్చి, సరిపోలనివి మాత్రమే ఆగిపోతే కారణం మాస్కేనని తేలుతుంది. సమస్య జాతిని నిర్ణయించేది ఈ వింగడింపే.

మూడవ అడుగు: ఖ దగ్గర 'డీబగ్ ఐపీ రిప్' ఆదేశంతో బయటికి వెళ్లే ప్రకటనలను గమనించాలి. రిప్ 30 సెకన్లకొకసారి ప్రకటిస్తుంది కనుక ఎక్కువసేపు వేచి ఉండనక్కరలేదు. పట్టికలో ఉండి ప్రకటనలో లేని మార్గాల మాస్కులను బయటి ఇంటర్‌ఫేస్ మాస్కుతో పోల్చాలి. రద్దీగా ఉన్న రౌటరులో డీబగ్ ఆదేశం ప్రాసెసర్‌పై భారం మోపుతుంది. పని ముగిసిన వెంటనే దానిని ఆపాలి.

నాలుగవ అడుగు: ఖ, గ రౌటర్ల మధ్య ఉన్న ఒకే అనుసంధానానికి రెండు కొసల్లో ఒకే మాస్కు ఉన్నదో లేదో చూడాలి. ఈథర్నెట్ వంటి నెట్‌వర్కులలో ఓఎస్‌పీఎఫ్ హలో ప్యాకెట్లలోని మాస్కులు సరిపోలకపోతే పొరుగు సంబంధమే ఏర్పడదు. తప్పు వెంటనే తెలుస్తుంది. రిప్ మొదటి సంచికకు అటువంటి తనిఖీ లేదు. ఒక కొసలో /24, మరొక కొసలో /26 ఉంటే పంపే రౌటరు ఒక మాస్కును ఉద్దేశిస్తుంది, అందుకునే రౌటరు మరొకదానిని తగిలిస్తుంది.

6. పరిష్కారాలు, వాటి పరిమితులు

6.1 పొడవైన మాస్కులకు నల్ మార్గం

ఖ ప్రకటించగలిగేది /24 మార్గాలనే కనుక, 172.16.5.0/24 అనే స్థిర మార్గాన్ని ఖలో సృష్టించి, నల్ 0 అనే ఇంటర్‌ఫేస్‌కు చూపి, స్థిర మార్గాలను రిప్‌లోకి పునఃపంపిణీ చేయాలి. నల్ 0 తనకు చేరిన ప్యాకెట్లను పారవేసే కల్పిత ఇంటర్‌ఫేస్. అయినా 172.16.5.70కి వెళ్లే ప్యాకెట్లు నష్టపోవు. ఎక్కువ బిట్లు సరిపోలే మార్గానికే రౌటరు ప్రాధాన్యమిస్తుంది కనుక ఖ దగ్గర 172.16.5.64/26 మార్గమే ఎంపికై, ప్యాకెట్ క రౌటరుకు వెళుతుంది. 172.16.5.200 వంటి లేని చిరునామాలకు వచ్చినవి మాత్రమే నల్ 0 దగ్గర ఆగిపోతాయి.

ఆ ఆగిపోవడమూ అవసరమే. నల్ మార్గం లేకుండా 172.16.5.0/24ను ప్రకటించే ఏర్పాటు ఉండి, ఖ డిఫాల్ట్ మార్గం గ వైపు ఉంటే, లేని చిరునామాకు వచ్చిన ప్యాకెట్ జీవితకాల సంఖ్య సున్నా అయ్యేవరకు రెండు రౌటర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. 172.16.9.0/30 అనుసంధానానికి కూడా ఇదే పద్ధతిలో /24 నల్ మార్గం సరిపోతుంది.

6.2 పొట్టి మాస్కుల విషయంలో జాగ్రత్త

పై పద్ధతిని 172.16.6.0/23కు యథాతథంగా అన్వయించడం ప్రమాదకరం. దానిని 172.16.6.0/24, 172.16.7.0/24 అనే రెండు స్థిర మార్గాలుగా విడదీయాలి. ఇవి అసలు మార్గం కంటే పొడవైన మాస్కులు గలవి. వాటిని నల్ 0కు చూపితే ఖ దగ్గర ఎక్కువ బిట్లు సరిపోలేది నల్ మార్గమే అవుతుంది. /23 మార్గానికి వెళ్లవలసిన ప్యాకెట్లన్నీ పారవేయబడతాయి. అంతకుముందు ఖ నుంచి సక్రమంగా అందుతున్న నెట్‌వర్కు కూడా ఈ దిద్దుబాటుతో తెగిపోతుంది. అందువల్ల ఈ రెండు స్థిర మార్గాలను క చిరునామా అయిన 172.16.9.1కి చూపాలి.

రెండింటి మధ్య భేదాన్ని ఒక సూత్రంగా చెప్పవచ్చు: కొత్తగా చేర్చే మార్గం అసలు మార్గాల కంటే విశాలమైతే నల్ 0కు, సంకుచితమైతే నిజమైన తదుపరి రౌటరుకు చూపాలి.

రెండు పద్ధతులకూ ఒక లోపం ఉంది. క వెనుక నెట్‌వర్కు పడిపోయినా స్థిర మార్గం ఖ పట్టికలోనే ఉంటుంది, రిప్ దానిని ప్రకటిస్తూనే ఉంటుంది. ఒకే సరిహద్దు రౌటరు ఉన్నచోట దీనివల్ల పెద్ద నష్టం లేదు. ప్రత్యామ్నాయ మార్గం ఉన్నచోట మాత్రం ప్యాకెట్లు మంచి దారిని వదిలి మూసుకుపోయిన దారిలోకి వెళతాయి.

6.3 ఓఎస్‌పీఎఫ్ ఏరియా సరిహద్దులో సంక్షిప్తీకరణ

క వెనుక నెట్‌వర్కులు ఏరియా 1లోను, క, ఖ అనుసంధానం ఏరియా 0లోను ఉంటే క ఏరియా సరిహద్దు రౌటరు అవుతుంది. క దగ్గర 'ఏరియా రేంజ్' ఆదేశంతో 172.16.5.0/24 అని సంక్షిప్తీకరిస్తే ఖకు చేరే మార్గమే /24గా చేరుతుంది, స్థిర మార్గం అవసరం ఉండదు. రెండు /26 నెట్‌వర్కులూ పడిపోతే సంక్షిప్త మార్గం తనంతట తానే ఉపసంహృతమవుతుంది. అయితే సంక్షిప్తీకరణ పొడవైన మాస్కులను పొట్టిగా చేయగలదే కాని /23ను రెండు /24లుగా విడదీయలేదు.

6.4 డిఫాల్ట్ మార్గం

గకు ఎదుటి వైపుకు ఖ ఒక్కటే దారి అయితే ప్రతి నెట్‌వర్కునూ తెలపనక్కరలేదు. ఖ రిప్‌లోకి డిఫాల్ట్ మార్గాన్ని ప్రకటిస్తే చాలు; దానికి మాస్కు చిక్కు ఉండదు. ఇందులో ఒక మెలిక ఉంది. గలో వర్గాధారిత వెతుకులాట అమలులో ఉంటే, 172.16.0.0లోని కొన్ని సబ్‌నెట్‌లు తెలిసి ఉండి గమ్యపు సబ్‌నెట్ తెలియనప్పుడు, డిఫాల్ట్ మార్గం ఉన్నా ప్యాకెట్‌ను పారవేస్తుంది. 'ఐపీ క్లాస్‌లెస్' ఆదేశం అమలులో ఉన్నదని నిర్ధారించుకున్నాకే ఈ పరిష్కారాన్ని నమ్మాలి.

6.5 రిప్ రెండవ సంచికకు మార్పు

పై నాలుగూ ఉపశమనాలు. మూలకారణాన్ని తొలగించేది మాస్కును మోసే ప్రోటోకాల్‌కు మారడమే. రిప్ మొదటి సంచికను చారిత్రక స్థాయికి మార్చాలని 1996 మార్చిలోనే ఆర్‌ఎఫ్‌సీ 1923 సిఫారసు చేసింది. రెండవ సంచికకు మారినప్పుడు స్వయంచాలక సంక్షిప్తీకరణను 'నో ఆటో సమ్మరీ' ఆదేశంతో ఆపాలి. లేకుంటే 192.168.10.0/26 వంటి మార్గం ప్రధాన నెట్‌వర్కు సరిహద్దు దాటేటప్పుడు మునుపటిలాగే /24గా మారుతుంది.

7. తిరుగు దిశ పరిశీలన

గ పట్టికలో మార్గాలన్నీ కనిపించినంత మాత్రాన పని ముగియదు. ప్యాకెట్ వెళ్లగలిగినా జవాబు తిరిగి రావాలి. రిప్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌లోకి పునఃపంపిణీ చేసేటప్పుడు పాత సిస్కో సాఫ్ట్‌వేర్‌లో 'సబ్‌నెట్స్' అనే పదాన్ని చేర్చకపోతే సబ్‌నెట్ కాని ప్రధాన నెట్‌వర్కులు మాత్రమే పునఃపంపిణీ అవుతాయి. అప్పుడు 172.16.2.0/24 క రౌటరుకు తెలియదు. గ నుంచి పంపిన పింగ్ విఫలమైతే దానిని మళ్లీ మాస్కు సమస్యగా పొరపడే అవకాశం ఉంది. క పట్టికను కూడా చూస్తేనే నిర్ధారణ పూర్తవుతుంది.

రిప్‌లో 172.16.0.0 నెట్‌వర్కును ప్రకటించే ఆదేశం ఆ ప్రధాన నెట్‌వర్కుకు చెందిన అన్ని ఇంటర్‌ఫేసులకూ వర్తిస్తుంది. అందువల్ల ఖ తన ఓఎస్‌పీఎఫ్ వైపు కూడా రిప్ ప్రకటనలు పంపుతుంది. ఆ ఇంటర్‌ఫేస్‌ను రిప్‌లో 'పాసివ్'గా ఉంచాలి.

8. నేటి ప్రాసంగికత

రిప్ మొదటి సంచిక కొత్త నెట్‌వర్కులలో ఉండదు. అయినా మార్గానికి గుర్తింపు చిరునామా మాత్రమే కాదు, చిరునామా, మాస్కు కలిసిన జంట అన్న పాఠం నేటికీ వర్తిస్తుంది. బీజీపీలో 'నెట్‌వర్క్' ఆదేశంతో మాస్కు సహా ఒక మార్గాన్ని ప్రకటించాలంటే సరిగ్గా అదే మాస్కు గల మార్గం రౌటింగ్ పట్టికలో ఉండాలి. 172.16.0.0/16ను ప్రకటించమని చెప్పి, పట్టికలో దాని /24 భాగాలు మాత్రమే ఉంటే ప్రకటన జరగదు. అక్కడ కూడా వాడుకలో ఉన్న పరిష్కారం నల్ 0కు చూపే /16 స్థిర మార్గమే. అలాగే పునఃపంపిణీని నియంత్రించే ప్రిఫిక్స్ జాబితాలో 172.16.0.0/16 అని మాత్రమే రాస్తే అది /16 మార్గానికే వర్తిస్తుంది. లోపలి /24లను అనుమతించాలంటే మాస్కు పొడవు పరిధిని విడిగా చెప్పాలి. మూడు సందర్భాలలోనూ లక్షణం ఒక్కటే: మార్గం పట్టికలో ఉంటుంది, ప్రకటనలో ఉండదు, దోష సందేశం రాదు.

9. ముగింపు

మాస్కులు సరిపోలని నెట్‌వర్కుల మధ్య పునఃపంపిణీలో ఆగిపోయే మార్గాలు యాదృచ్ఛికంగా ఆగిపోవు. పంపే ఇంటర్‌ఫేస్ మాస్కుతో పోల్చి చూస్తే ఏది చేరుతుందో, ఏది చేరదో ముందుగానే చెప్పవచ్చు. అందువల్ల నిర్ధారణ అందుకునే రౌటరులో కాక సరిహద్దు రౌటరు బయటి ఇంటర్‌ఫేస్ దగ్గర మొదలు కావాలి. చేరిన మార్గాలను కూడా సాక్ష్యంగా తీసుకోవాలి. దిద్దుబాటులో విశాల మార్గానికి నల్ 0, సంకుచిత మార్గానికి నిజమైన తదుపరి రౌటరు అన్న భేదాన్ని విస్మరిస్తే పరిష్కారమే కొత్త వైఫల్యానికి దారితీస్తుంది. ప్రయోగశాల బోధనలో ఈ నమూనాను పరిష్కరించి చూపడంతో సరిపెట్టక, గ పట్టికలో ఏవేవి కనిపిస్తాయో ఆదేశం అమలు చేయకముందే విద్యార్థుల చేత రాయించడం మేలు. ఆ జాబితా సరిగా రాయగలిగిన విద్యార్థికి మాస్కు, ప్రకటన, రౌటింగ్ పట్టికల మధ్య సంబంధం అవగతమైనట్లే.